నౌపడ మేస్త్రీ నాలుక

నౌపడ ఎల్లాజీ ఒక సముద్రాన్ని చంపేశాడు. కెరటాలతో, చేపలతో, పగడాలతో, రొయ్యలతో సహా మొత్తం సముద్రాన్ని, ఒక్క మధ్యాహ్నంలో, ఒంటిచేత్తో.

సరే, మొత్తం సముద్రం కాదు. అసలుది భావనపాడు దగ్గర ఇంకా అలాగే ఉంది, పొద్దున్నే వలలు లాగేవాళ్ళు చూసే ఉంటారు. ఎల్లాజీ చంపినది శ్రీకాకుళంలో, బలగలో, బామ్మర్ది ముందుగదిలో, నాలుగడుగుల గాజుతొట్టిలో ఉన్న సముద్రాన్ని. ఆ కెరటాలు కూడా చిన్న మోటారు పుట్టించినవే. ఒంటిచేత్తో అన్నది మాత్రం నిజం. రెండో చేత్తో ఉప్పు గోనెసంచి మూతి పట్టుకున్నాడు.

ఎల్లాజీ నౌపడ ఉప్పుమళ్ళలో మేస్త్రీ. అక్కడి పని చూడని వాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. సముద్రపు నీటిని కాలవ ద్వారా పెద్ద మడిలోకి కడతారు. ఎండకి చిక్కబడ్డాక పక్క మడిలోకి, అక్కణ్ణించి ఇంకో మడిలోకి వదులుతారు. చివరి మడిలో ఉప్పు పూస్తుంది. నీరు తగ్గినచోట మళ్ళీ ఉప్పునీరే పెడతారు. ఎప్పుడు వదలాలి, ఎప్పుడు తీసెయ్యాలి అన్నదే విద్య. తొందరపడితే ఉప్పు పట్టదు. ఆలస్యమైతే అడుగున మిగిలిన చేదునీరు ఉప్పుని పాడుచేస్తుంది. మిగతాచోట్ల దీన్ని గాజుగొట్టం ముంచి కొలుస్తారు. ఎల్లాజీ వేలు ముంచి నాకేవాడు. "ఇంకా రెండెండలు" అంటే రెండెండలే.

ఆ నాలుక మీద కథలు పుట్టుకొచ్చాయి. కాలవనీరు నాకి నిన్న ఒడిశాలో వాన పడిందని చెప్పాడని ఒకరంటే, బరంపురంలో పడిందా గోపాలపురంలో పడిందా కూడా చెప్పాడని ఇంకొకరనేవారు. ఎల్లాజీ రెండూ కాదనేవాడు కాదు.

అదే నాలుకతో మనుషుల్ని కోసేవాడు కూడా. తన పెళ్ళి భోజనంలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, పప్పు వండినదెవరని అడిగాడు. అత్త బుల్లమ్మ మురిసిపోతూ ముందుకొచ్చింది. "మైలింటి సప్పిడి కూడులాగున్నాది అత్తా. ఉప్పుకి మా ఊరు కబురెడితే నానే మోసుకొచ్చీవోణ్ని కాదేటి" అన్నాడు. పందిరంతా నవ్వింది. బుల్లమ్మ వంటపాకలోకి వెళ్ళి పెళ్ళి అయ్యేదాకా బయటికి రాలేదు. మళ్ళలో కుంటుకుంటూ ఉప్పుతట్ట మోసే ముసలామెని, నీ నడకకి సగం ఉప్పు గట్టుకే పోతోంది, కూలి కూడా గట్టునే అడుగు అన్నాడు. కూలీలు నవ్వారు. నవ్వకపోతే తర్వాతి వంతు తమదేనని వాళ్ళకి తెలుసు.

అలాంటివాడికి కరోనా వచ్చింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, లేచి తిరిగాడు. రుచి మాత్రం రాలేదు. అందరికీ పోయింది, అందరికీ వచ్చింది. ఎల్లాజీ కాచుకున్నాడు. ఎవరూ లేనప్పుడు పచ్చిమిరపకాయలు నమిలాడు, చింతపండు చప్పరించాడు, పచ్చి కాకరకాయ కొరికాడు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గాని నాలుక మీద మాత్రం మైనం ముద్ద పెట్టినట్టే ఉంది. పండగలు పోయాయి, ఎండలు పోయాయి. నాలుక చచ్చిపోయిందని అతనికి అర్థమైంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే మళ్ళ యజమాని మర్నాడే గాజుగొట్టం కొంటాడు, గట్టు మీద గొడుగు కింద నిలబడే మేస్త్రీ తట్ట పట్టుకోవలసి వస్తుంది. అది కూడా భరించొచ్చు. ఇన్నేళ్ళూ తన మాటకి తలొంచుకున్న వాళ్ళంతా ఒక్కసారిగా తలెత్తి చూడడం భరించలేడు. ఈ సంగతి బయటపడకూడదు, అంతే. బతుకులో అతనికి మిగిలిన పని అదొక్కటే.

ఇంట్లో భార్య తాయారు మొదటి ముద్ద తినేదాకా ఆగి, ఆమె మొహం చూసి కూర బాగుందనేవాడు. మళ్ళలో నీటి రంగు చూసేవాడు, మీద కట్టే పొర చూసేవాడు, చూసేశాక వేలు ముంచి నాకి, కళ్ళు మూసుకుని, తీర్పు చెప్పేవాడు. కళ్ళకి ముప్పయ్యేళ్ళ అనుభవం ఉంది గనక తీర్పు చాలావరకు నిలిచేది.

ఒకసారి నిలవలేదు. ఈశ్వర్ అనే కూలీ దగ్గరికొచ్చి నీరు చేదెక్కిపోయింది, తీసేద్దామా అని నెమ్మదిగా అడిగాడు. నా నాలుక కంటే నీ నాలుక గొప్పదా అన్నాడు ఎల్లాజీ. ఆ మడి ఉప్పంతా చేదుగా తేలింది, లారీ వెనక్కొచ్చింది. యజమాని వచ్చి గట్టు మీద నిలబడితే, నీరు తియ్యమని చెప్పినా ఈశ్వరే తియ్యలేదన్నాడు. ఈశ్వర్ ఆ పూటే పనిలోంచి పోయాడు. పోతూ పోతూ మేస్త్రీ కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఎల్లాజీ వంగి, అతని చెంప మీది కన్నీటి బొట్టు వేలితో తీసి, నాకి, చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు.

"ఈడి ఏడుపు కూడా సప్పగున్నాదిరా" అన్నాడు.

నవ్వారు. నిజంగానే చప్పగా ఉందని తెలిసినవాడు ఎల్లాజీ ఒక్కడే. ఆ సాయంత్రం అతనికి అన్నం సయించలేదు. దానికి కారణం జాలి కాదు, భయం.

ఈ రోజుల్లోనే బలగలో గాజుతొట్టి వ్యవహారం సాగుతోంది. తాయారు తమ్ముడు నరేష్ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు, తల్లి బుల్లమ్మతో ఉంటాడు. నీళ్ళలో బతికే పగడాల్ని ఇంట్లో పెంచాలని అతనికి పట్టుకుంది. ఇంకొకరైతే తొట్టి కొన్న సాయంత్రమే చేపలు వేసి, వారం తిరక్కముందే కాలవలో పారేసి ఊరుకుందురు. నరేష్ తొట్టి కొని, ఖాళీగా ఉంచి, చదవడం మొదలెట్టాడు. మద్రాసులో, కొచ్చిలో తొట్లు పెట్టి చేపలు చంపుకున్నవాళ్ళందరికీ ఫోన్లు చేసి, ఎలా చంపుకున్నారో శ్రద్ధగా అడిగేవాడు. దేవుడు ఆరు రోజుల్లో సముద్రాలతో సహా సృష్టి ముగించేసి ఏడో రోజు నడుం వాల్చాడంటారు. నరేష్‌కి మొదటి రోజు పనికే ఏడాది పట్టింది.

ఆ తర్వాత నీళ్ళు పోశాడు, అందులో రాళ్ళు పేర్చాడు. మళ్ళీ ఆగాడు. కొత్త నీటిలో ముందు విషం పుడుతుందనీ, కంటికి కనబడని జీవాలు రాళ్ళలో పట్టి ఆ విషాన్ని తినెయ్యడం మొదలెట్టేదాకా ప్రాణమున్నదేదీ వెయ్యకూడదనీ చెప్పేవాడు. రోజూ ఆ నీటిలో మందు చుక్కలు వేసి రంగు చూసేవాడు. నెలలు గడిచాయి. ముందుగదిలో దీపం కింద రాళ్ళు స్నానం చేస్తూనే ఉన్నాయి.

ఎల్లాజీకి ఇది పండగ. వచ్చినప్పుడల్లా కుర్చీ తొట్టి ముందు వేసుకుని, చుట్టుపక్కల వాళ్ళని పిలిచి మరీ ఆడుకునేవాడు. బామ్మర్దిని ఏడిపించే హక్కు బావకి పుట్టుకతో వస్తుంది. ఎల్లాజీ ఆ హక్కుని వడ్డీతో వాడుకున్నాడు.

"ఒరే నరేషూ, పెళ్ళి కూడా ఇలాగే సేసుకుంటావేటి? ముందు మంచం కొని రెండేళ్ళు ఒట్టిగా ఉంచీసి, అప్పుడు పిల్లని సూత్తావా?"

ఎదురింటి ధనలక్ష్మి పొట్ట పట్టుకు నవ్వింది. ఆ మధ్య ఒక సంబంధం వాళ్ళు వచ్చి రాళ్ళని చూసి వెళ్ళిపోయారని వీధిలో అందరికీ తెలుసు. నరేష్ కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు మడి కట్టి ఉప్పు తేలీదాకా కాసుకోవా బావా? ఇదీ అంతే" అన్నాడు.

ఎల్లాజీకి అంతకంటే కోపం తెప్పించినది వేరే. నరేష్ తొట్టిలోకి బయటినుంచి డబ్బాల్లో తెప్పించిన ఉప్పు వాడుతున్నాడు. నౌపడ మేస్త్రీని బావగా పెట్టుకుని డబ్బా ఉప్పు కొనడం ఏ మర్యాద అని నిలదీశాడు. ఆ ఆదివారమే తెల్లగా, ముత్యాల్లా ఉన్న ఉప్పు ఒక గోనెడు మోసుకొచ్చి వంటింట్లో పడేశాడు. నరేష్ తన మామూలు ఓపికతో వివరించబోయాడు. సముద్రం అంటే ఉప్పొక్కటే కాదనీ, మళ్ళలో చేదని పారబోసే నీటిలో ఉన్న సరుకే పగడాలకి ఒళ్ళు కట్టుకోడానికి కావాలనీ, బావ తెచ్చిన ఉప్పు వంటకి ఎంత మంచిదో ఈ తొట్టికి అంత చెడ్డదనీ అన్నాడు. ఎల్లాజీ సగంలోనే లేచిపోయాడు. గోనె వంటింటి మూలనే ఉండిపోయింది, బుల్లమ్మ ఆవకాయకి వాడుకుంది.

చివరికి ఒకనాడు తొట్టిలోకి ప్రాణం వచ్చింది. ముందు నత్తలు, తర్వాత నడుం మీద తెల్ల పట్టీలున్న నారింజరంగు చేపల జంట, ఎర్ర చారల రొయ్య, నెమ్మదిగా ఒకటొకటిగా పగడాలు. వేళ్ళలా కొన్ని, పూలలా కొన్ని, పగలు విచ్చుకుని రాత్రి ముడుచుకునేవి. ఒక్కటి చావలేదు. ఒక్క ఆకుపచ్చ మరక గాజుకి పట్టలేదు. వీధి వీధంతా వచ్చి చూసింది. ధనలక్ష్మి పనులు మానుకుని కూచునేది. శుక్లాలతో మసకబారిన కళ్ళతోనే బుల్లమ్మ తొట్టి ముందు కుర్చీ వేసుకుని, రంగులు కదులుతున్నాయిరా అనేది.

ఎల్లాజీ వచ్చి చూశాడు. ఏదైనా అనాలి. చుట్టూ మూగినవాళ్ళు అతనేమంటాడోనని చూడనేలేదు, చేపల్నే చూస్తున్నారు. తాయారు తర్వాత ఎవరితోనో, మా ఆయన మొదటిసారి నోరు మూసుకుని కూచున్నాడని సంబరంగా చెప్పుకుంది.

ఆ వానాకాలంలో బుల్లమ్మకి కంటి ఆపరేషన్ కుదిరింది. నరేష్, తాయారు ఆమెని విశాఖపట్నం తీసుకెళ్ళాలి. వానల్లో ఉప్పుమళ్ళకి సెలవు గనక ఇంటికి కాపలా ఎల్లాజీ. నరేష్ మేత చూపించాడు, మోటారు చూపించాడు. దీపాల వేడికి నీరు తగ్గుతుంది, ఈ గీతదాకా ఆ డబ్బాలో మంచినీళ్ళు పొయ్యి అన్నాడు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది అన్నాడు. బావ మొహం చూసి మళ్ళీ చెప్పాడు.

"ఉప్పు మాత్రం ఎయ్యకు బావా. ఏటీ ఎయ్యకు. నాను వచ్చీదాకా అలా వదిలీ."

రెండు రోజులు ఎల్లాజీ అలాగే చేశాడు. మూడో రోజు మధ్యాహ్నం ధనలక్ష్మి తన చుట్టాలావిడని వెంటబెట్టుకుని చేపలు చూపించడానికి వచ్చింది. నీళ్ళు తగ్గి గీత కిందికి దిగి ఉన్నాయి. ఎల్లాజీ డబ్బా మూత తీస్తున్నాడు. చుట్టాలావిడది టెక్కలి, నౌపడ మేస్త్రీ పేరు విని ఉంది. ఆ నాలుక వినికిడే గాని చూడలేదు, ఈ నీటిలో ఉప్పెంతుందో చెప్పమని ముచ్చటపడింది.

తప్పించుకోవచ్చు. చేపల నీళ్ళు ఎంగిలి చెయ్యకూడదనొచ్చు. కాని ఇద్దరు ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చాలాకాలమైంది అతన్నెవరూ అలా చూసి. ఎల్లాజీ వేలు ముంచి, నాకి, కళ్ళు మూసుకున్నాడు. మైనం. చూడడానికి ఆ నీటికి రంగూ లేదు, పొరా లేదు. మళ్ళలో నేర్చిన అతని కళ్ళకి అది ఏ విధంగానూ ఉప్పునీరు కాదు.

"సప్పగున్నాది" అన్నాడు. "ఉప్పన్నదే నేదు ఇందులో. పాపం సేపలు ఎలా బతుకుతన్నాయో."

ఆడవాళ్ళు ఔరా అన్నారు. చదువుకున్నవాడు నరేష్, రెండేళ్ళు పుస్తకాలు తిరగేశాడు, ఆఖరికి ఉప్పెయ్యడం తెలీలేదు అనుకున్నారు. తీర్పు చెప్పినవాడు చక్కదిద్దాలి కూడా కదా. ఎల్లాజీ వంటింట్లోకి వెళ్ళి గోనె ఈడ్చుకొచ్చాడు. మడిలో నీరు తగ్గితే ఉప్పునీరే పెట్టాలన్నది అతని చేతులకి పుట్టినప్పటినుంచీ తెలుసు. డబ్బా నీళ్ళ జోలికి పోలేదు. చారెడు వేశాడు, నాకాడు. చారెడు వేశాడు, నాకాడు. ఆడవాళ్ళు కాసేపు చూసి ఇళ్ళకి పోయారు.

అతను ఆగలేదు. ఇప్పుడు చూసేవాళ్ళు లేరు, ఆగొచ్చు. కాని ప్రతి చారెడుకీ నీరు చిక్కబడుతోందని అతనికి తెలుసు. ఎక్కడో ఒకచోట నాలుక లేవాలి కదా. చచ్చిన నాలుకైనా ఇంత ఉప్పుకి లేవదా? ఇంకో చారెడు. ఇంకో నాకుడు. ఆ ఆశతో గోనె సగానికి తెచ్చాడు. ఒకసారి నాలుక చివర చురుక్కుమన్నట్టనిపించింది. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి మళ్ళీ నాకాడు. ఏమీ లేదు.

కళ్ళు తెరిచేసరికి రొయ్య వెల్లకిలా పడి కాళ్ళు ఆడిస్తోంది. ఉప్పురాళ్ళు పగడాల మీద పడినచోటల్లా ఒళ్ళు ముడుచుకుపోయి, లోపలి తెల్లటి ఎముక బయటపడింది. నత్తలు గాజు వదిలేసి ఒక్కొక్కటే కింద పడుతున్నాయి. చేపలు రెండూ పైకి వచ్చి, నోరు నీటి పైకి పెట్టి గాలి మింగుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగాయి. ఎల్లాజీ కుర్చీలో కూచుని చూశాడు. మంచినీళ్ళు పోస్తే ఏమైనా బతుకుతుందేమోనని తోచింది. పోస్తే తప్పు చేశానని ఒప్పుకున్నట్టే. కూచునే ఉన్నాడు. చీకటి పడేసరికి తొట్టిలో కదులుతున్నది మోటారు కెరటం ఒక్కటే.

వాళ్ళు వచ్చేసరికి తొట్టి తెల్లగా మబ్బేసి, గది కంపు కొడుతోంది. ఆ కంపు కూడా ఎల్లాజీకి తెలియలేదు. కరెంటు పోయింది, మోటారు ఆగింది, నేనేం చెయ్యను అన్నాడు. కంటికి కట్టుతో గుమ్మంలో నిలబడి బుల్లమ్మ రంగులు కదులుతున్నాయా అని అడిగింది. తాయారు ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

నరేష్ అరవలేదు. నీటిలో ఉప్పు కొలవడానికి దుర్భిణిలా కంటికి పెట్టుకునే చిన్న గొట్టం తెచ్చి, ఒక్క చుక్క వేసి చూశాడు. అంకె గొట్టంలో ఉన్న గీతలన్నీ దాటిపోయింది. వంటింట్లో గోనె చూశాడు. ధనలక్ష్మి వచ్చి, మేస్త్రీగారు నాకి చప్పగా ఉందన్నారని, అందుకే ఉప్పు వేశారని, ఉన్నదున్నట్టు చెప్పింది. నరేష్‌కి ఆ మాట దగ్గరే అనుమానం తగిలింది. సముద్రపు నీటిని నౌపడ మేస్త్రీ చప్పగా ఉందనడమేమిటి?

రాళ్ళకే రెండేళ్ళు కాచుకున్నవాడు మనిషికి కాచుకోలేడా? తొట్టి తానే కడిగాడు. బావని ఒక్క మాట అనలేదు. తర్వాత అక్కని కదిపాడు. కూరలో ఉప్పు తక్కువైందని బావ తిట్టి ఎన్నాళ్ళయిందని అడిగాడు. తాయారు మొహం వెలిగింది. కరోనా వచ్చి లేచిన దగ్గర్నుంచీ ఒక్క వంటకి వంక పెట్టలేదనీ, ఆ జబ్బే మనిషిని మార్చిందనీ, అరసవల్లి దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టాననీ చెప్పింది.

నరేష్‌కి ఇంకేమీ అక్కర్లేకపోయింది. బుల్లమ్మ కట్టు విప్పిన ఆదివారం అందరూ ముందుగదిలో కూచున్నారు. నరేష్ తనే కాఫీ పెడతానన్నాడు. తాయారుకి, ధనలక్ష్మికి మాత్రమే కనబడేలా, ఒక గ్లాసులో పంచదార బదులు గోనెలో ఉప్పు నాలుగు చెంచాలు వేసి కలిపాడు. పెదాల మీద వేలు పెట్టాడు. కొత్తల్లుడికి బామ్మర్దులు చేసే పాత ఆకతాయి పనే, వాళ్ళిద్దరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇప్పుడు ఉమ్మేస్తాడు, ఇప్పుడు తిట్లు లంకించుకుంటాడు అని చూస్తున్నారు.

ఎల్లాజీ గ్లాసు అందుకుని, అలవాటుగా తాయారు మొహం చూశాడు. ఆమె కొంగు తీసి తన గ్లాసులోది తాగింది, మొహం బాగానే ఉంది. అతనూ ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క. గొంతు కాస్త మండింది, వేడి అనుకున్నాడు. మొత్తం తాగేశాడు.

"బాగున్నాదిరా" అన్నాడు. "మీ అక్క ఎప్పుడూ పంచదార దండిగా ఎయ్యదు."

గదిలో నవ్వు రాలేదు. తాయారు చేతిలోంచి కొంగు జారింది. కొత్త కన్నుతో బుల్లమ్మ ఒక్కొక్కరి మొహం వెతుకుతోంది. నరేష్ చెయ్యి కొంచెం పైకెత్తాడు, ఎవరూ మాట్లాడొద్దన్నట్టు.

"ఇంకో గ్లాసు పొయ్యమంటావా బావా?"

"పొయ్యి."

పోశాడు. అదీ తాగాడు. తాయారు లేచి వంటింట్లోకి వెళ్ళి ఖాళీ గ్లాసు అడుగున వేలు పెట్టి నాకింది. అక్కడే గోడకి ఆనుకుని కూలబడింది. కాసేపటికి నరేష్ లోపలికొచ్చి, అతనితో అనొద్దక్కా, ఎప్పటికీ అనొద్దు అన్నాడు. దయతో అన్నాడేమోనని ఆమె తలెత్తి చూసింది. ఆ మొహంలో దయ లేదు.

ఎల్లాజీతో ఎవరూ అనలేదు. మిగతా అందరితో అన్నారు. ధనలక్ష్మి టెక్కలి చుట్టాలావిడకి చెప్పింది, ఆవిడ బస్సులో చెప్పింది. వానలు తగ్గి మళ్ళు చదును చేసే రోజులకి నౌపడలో ఆ కాఫీ సంగతి తెలియని పసిపిల్ల లేదు. యజమాని గాజుగొట్టం కొన్నాడు. ఈశ్వర్‌ని వెతికి పిలిపించి అతని చేతిలో పెట్టాడు. ఎల్లాజీని మాత్రం తీసెయ్యలేదు. అలాంటి వినోదాన్ని ఎవరు తీసేసుకుంటారు?

ఇప్పుడు కూలీలు గట్టు మీదికి చెంబులు తెస్తారు. మేస్త్రీ, కాస్త సూడండి అంటారు. ఒకసారి చిక్కటి ఉప్పునీరు, ఒకసారి నూతినీరు. ఒకరోజు ఆ కుంటి ముసలామె తన కాళ్ళు కడిగిన నీళ్ళు తెచ్చి పట్టింది. ఎల్లాజీ వేలు ముంచి, నాకి, కళ్ళు మూసుకున్నాడు.

"ఇంకా రెండెండలు" అన్నాడు.

"సిత్తం మేస్త్రీ" అని ఆమె వెనుదిరిగింది. భుజాలు అదురుతున్నాయి. ఈశ్వర్ నవ్వడు. మేస్త్రీ రెండెండలు అన్న మడి దగ్గరికి, అతను చూస్తుండగానే నడిచి వెళ్ళి, అప్పటికప్పుడు గండి తెరుస్తాడు. అతని చొక్కా జేబులో గాజుగొట్టం మెరవడం ఎల్లాజీ చూశాడు. అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది.

నౌపడ రైలుగేటు పక్క టీ బడ్డీ దగ్గర ఈ కథ అతని మొహమ్మీదే అడిగినవాళ్ళున్నారు. ఎల్లాజీ తొణకడు.

"ఒట్టి అబద్దం. మా బామ్మర్ది ఇంట్లో తొట్టీ నేదు, సేపా నేదు, ఎళ్ళి సూసుకోండి. నా నాలిక్కేటి, నిచ్చేపంగా ఉన్నాది. ఉప్పు కాఫీయా? ఎవుడ్రా సెప్పినోడు? దాంట్లో పంచదారే ఉన్నాది. తాగినోణ్ని నాను, నాకు తెల్దేటి?"